పదహారా, పద్దెనిమిదా

నోలీన్ పర్కిస్ ఆ కొట్టుకు రావడం ఇది మూడోసారి. మొదటిసారి పదహారు ఇంచీల లాప్‌టాప్ కొందామని వచ్చి, పక్కనే ఉన్న పద్దెనిమిది ఇంచీలదాన్ని చూసి వెనక్కి వెళ్ళిపోయింది. రెండోసారి పద్దెనిమిదేనని ఖాయం చేసుకుని వచ్చి, పదహారుదాన్ని ఒంటిచేత్తో ఎత్తి చూసి మళ్ళీ వెనక్కి వెళ్ళింది. ఈమెకు యాభై మూడేళ్ళు. గనిలో రెండంతస్తుల ఇల్లంత లారీని పదకొండేళ్ళుగా ఆడుతూ పాడుతూ తోలుతున్న మనిషి. అలాంటిది రెండు నల్ల పెట్టెల ముందు నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది.

కొట్టులో ఆటలాడుకునే లాప్‌టాప్‌ల వరస చూసుకునేది డెస్మండ్ అనే పెద్దాయన. ఆయన ఓపికని మెచ్చుకోవాలి.

"ఇవాళ తేలిపోవాలండీ," అన్నాడు. "నేనడిగే దానికి ఒక్క మాటలో చెప్పండి. ఇది ఇంట్లో ఉంటుందా, మీతో తిరుగుతుందా? ఇంట్లో ఉండేదయితే పెద్దది. తిరిగేదయితే చిన్నది."

"ఇంట్లో ఉండదు," అంది నోలీన్. "తిరగదు కూడా."

డెస్మండ్ చెవి వెనక గోక్కున్నాడు. "పోనీ, ఆడేది మీ ఒక్కరేనా?"

"రెండు వారాలు నేను. రెండు వారాలు ఇంకొకాయన."

"విడాకులు తీసుకున్నవాళ్ళు పిల్లల్ని అలా పంచుకుంటారండీ. లాప్‌టాప్‌ని పంచుకోవడం ఇదే చూడడం."

నోలీన్ నవ్వలేదు. నిజానికి ఆయన అన్నది తప్పేమీ కాదు. ఎల్లుండి బుధవారం పొద్దున్నే ఆమె విమానం. ఆలోపు ఏదో ఒకటి కొని తీరాలి. మామూలుగా అయితే చేతికందింది కొనేసి పోయేది. కానీ సెఫో అన్న ఒక్క మాట ఆమెని అడకత్తెరలో పోకచెక్కని చేసింది.

సెఫో ఆమె ఎదురువంతు. గని ఉత్తరాన ఎర్రమట్టి నేలలో ఉంది. పెర్త్ నుంచి విమానంలో రెండు గంటలు. అక్కడ పని రెండు వారాలు, ఇంట్లో సెలవు రెండు వారాలు. నోలీన్ మాండురాలో అక్క ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చున్న రోజుల్లో అక్కడ ఆమె లారీ తోలేవాడు సెఫో. ఆమె గదిలో, ఆమె మంచం మీద పడుకునేవాడూ అతనే. ఒకే లారీ, నలభై ఏడో నంబరు. ఒకే డబ్బా గది. ఒకే బీరువా, దానికి రెండు తాళం చెవులు. దుప్పట్లు క్యాంపువాళ్ళు మారుస్తారు. దిండు మాత్రం ఎవరిది వాళ్ళదే, వంతు అయిపోగానే మంచం కింద సొరుగులో పెట్టి పోతారు. దిండు ఇంటికి మోసుకుపోయాడంటే ఆ మనిషి మళ్ళీ రాడని లెక్క.

నాలుగేళ్ళుగా ఇదే కాపురం. ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేది మాత్రం రెండు వారాలకోసారి, బుధవారం, విమానం దిగే రేకుల షెడ్డులో. దిగినవాళ్ళు ఇటు, ఎక్కేవాళ్ళు అటు. మధ్యలో పది నిమిషాలు దొరుకుతాయి. "బ్రేకు కొంచెం లాగుతోంది చూసుకో," "మెస్‌లో చేప ముట్టుకోకు," అని చెప్పుకునేసరికి పేర్లు పిలుస్తారు. కలిసి ఒక్కసారి టీ తాగింది కూడా లేదు.

ఆటలో ఊరు మొదలైంది మొదటి ఏడాదిలోనే. నోలీన్ తన పాత లాప్‌టాప్‌ని బీరువాలో వదిలి వెళ్తుండేది. అందులో ఊరు కట్టే ఆట ఒకటి ఉంది. రోడ్లు వెయ్యాలి, నీళ్ళ గొట్టాలు వెయ్యాలి, జనం వచ్చి చేరుతుంటే బడులూ బస్సులూ చూసుకోవాలి. ఒకసారి ఆమె తిరిగొచ్చేసరికి మూత మీద చీటీ అంటించి ఉంది. "చెల్లెమ్మా, ఉక్కపోతకి నిద్ర పట్టక నీ ఆట ముట్టుకున్నాను, క్షమించు. నీ ఊళ్ళో చర్చి లేదు. ఒకటి కట్టాను." కట్టాడు నిజమే, మురుగునీటి చెరువు గట్టు మీద. నోలీన్ పడీ పడీ నవ్వి, చర్చిని కదల్చకుండా చెరువునే ఊరవతలికి మార్చింది.

అప్పటినుంచి ఆ ఊరు ఇద్దరిదీ అయింది. సెఫో దానికి మలోలో అని పేరు పెట్టాడు, సమోవా మాటలో విశ్రాంతి అని. ఇప్పుడు అక్కడ తొంభై వేల మంది జనం. ఒకరు వదిలిపెట్టిన చిక్కుని ఇంకొకరు విప్పాలి, పోయేముందు కొత్త చిక్కు ఒకటి పెట్టాలి. బస్‌స్టాపులకి నచ్చిన పేర్లు పెట్టుకోవచ్చు గనక ఉత్తరాలన్నీ వాటి మీదే. 'చెల్లెమ్మా పెందరాళే పడుకో' అని ఒక స్టాపు. 'సెఫో నీ సాక్స్ కంపు' అని దాని తర్వాతది.

నోలీన్‌ని మొగుడు వదిలేసి పన్నెండేళ్ళయింది. పిల్లలు లేరు. ఆమె వస్తుందని ఎవరైనా ఏదైనా అట్టిపెట్టి ఉంచే చోటు ఈ భూమ్మీద ఆ బీరువా ఒక్కటే. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు గానీ, విమానం దిగి గది తలుపు తీసేటప్పుడు ఆమె గుండె ఇప్పటికీ పండగనాడు పిల్లలకి కొట్టుకున్నట్టు కొట్టుకుంటుంది.

ఆ లాప్‌టాప్ కిందటి వంతు ఆఖర్లో చచ్చిపోయింది. నాలుగేళ్ళ ఎర్రదుమ్ము లోపల ముద్దకట్టింది మరి. ఊరు పెన్‌డ్రైవ్‌లో భద్రంగా ఉంది, పరవాలేదు. కొత్తది కొందామని షెడ్డులో చెప్పినప్పుడు నోలీన్ జవాబు కోసం ఆగను కూడా లేదు. ఎందుకంటే ఏడాదిగా సెఫో పోరు ఒకటే. "ఈసారి తలుపంత తెర ఉన్నది కొందాం చెల్లెమ్మా, ఈ అక్షరాలు చీమల్లా ఉన్నాయి." అలాంటివాడు ఆ రోజు బూట్ల వైపు చూస్తూ, "చిన్నదే తీసుకో. నీ బ్యాగులో పట్టేది," అన్నాడు. అని బస్సెక్కి వెళ్ళిపోయాడు.

బీరువాలో ఉండే వస్తువుకి బ్యాగుతో పనేమిటి? నోలీన్ రెండు వారాలుగా ఆ మాటని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తోంది. ఎటు తిప్పినా అర్థం కాలేదు.

డెస్మండ్‌కి ఇదంతా చెప్పలేదు. "మళ్ళీ వస్తాను," అంది.

"వస్తారని తెలుసండీ," అన్నాడాయన.

ఇంట్లో అక్క గ్లెనిస్ చెల్లెలి కష్టాన్ని ముందేసుకుని కూర్చుంది. గ్లెనిస్‌కి ఆ ఆట అంటే ఏమిటో తెలియదు, లాప్‌టాప్ అంటే అసలే పడదు. అయినా కందకు లేని దురద కత్తిపీటకి అన్నట్టు, ఇస్త్రీ బల్ల తెచ్చి వంటింట్లో వేసి, ఇది మీ గదిలో బల్ల అనుకోమంది. దాని మీద కేకులు కాల్చే పెద్ద రేకు పెట్టి పద్దెనిమిది అంది. కూరగాయలు తరిగే చెక్క పెట్టి పదహారు అంది.

"ఇప్పుడు మీ బల్ల మీద ఇంకేముంటాయే?"

"నీళ్ళ సీసా, టీ కప్పు, ఫ్యాను."

గ్లెనిస్ సీసా, కప్పు పెట్టింది. ఫ్యానుకి బదులు ఓ క్యాబేజీ పెట్టింది. రేకు పెడితే క్యాబేజీ కింద పడింది. చెక్క పెడితే అన్నీ పట్టాయి. "చూశావా, చిన్నదే," అంది గెలిచినట్టు.

తర్వాత బ్యాగు తూకం. గని విమానంలో మనిషికి పది కిలోలే, అన్నీ కలిపి. నోలీన్ బట్టలు, మందులు, బిస్కెట్లు సర్ది, పెద్ద లాప్‌టాప్ బరువుకి సరిపడా గోధుమపిండి పొట్లాలు పెట్టింది. కాటా మీద పదకొండున్నర చూపించింది. పిండి కొంచెం తీసి చిన్నదాని లెక్క చూస్తే పది దగ్గర ముల్లు నిలబడింది.

"ఇక ఆలోచనేముంది?" అంది గ్లెనిస్. "బల్ల చిన్నది అంటోంది, కాటా చిన్నది అంటోంది, ఆయనా చిన్నది అంటున్నాడు."

"ఆయన అనడమేనక్కా నాకు పట్టుకున్నది. పెద్దది అయితే ఒకసారి కష్టపడి మోస్తాను. తర్వాత ఏళ్ళ తరబడి బీరువాలోనే ఉంటుంది. ఆయనకి తెలుసు ఆ సంగతి."

గ్లెనిస్ క్యాబేజీ ఏరుకుని సింకులో పెట్టింది. ఆవిడ మంచిదే గానీ నోటికి బ్రేకు లేదు. "నన్నడిగితే చెబుతా, ఏడవకు. మగవాళ్ళు తెంచుకునేటప్పుడు ఇలాగే మొదలెడతారు. పెద్దది వద్దు, చిన్నది చాలు అంటారు. నా మాజీ మొగుడు గ్రాంట్ కూడా అంతే, పెద్ద ఇల్లు వద్దు, చిన్న ఫ్లాటు చాలన్నాడు. ఇప్పుడు ఆ ఫ్లాటులో వాడొక్కడే ఉంటున్నాడు."

"ఆయనకీ నాకూ అలాంటిదేం లేదు."

"అలాంటిది అనలేదే నేను. ఆటలో విసుగొచ్చిందేమో అంటున్నాను. నాలుగేళ్ళు ఒకే ఊరికి బస్సులు నడిపితే ఎవడికైనా విసుగే కదా."

నోలీన్ పిండి పొట్లాలు అలమరలో పెడుతూ, ఒకదాన్ని రెండుసార్లు పెట్టింది. అక్క అన్న మాట ఆమెకి ముల్లులా దిగింది, ఎందుకంటే రెండు వారాలుగా తను అనుకోకూడదని ఒత్తిపెట్టుకున్న మాట అదే. సెఫోకి మలోలో చాలించుకోవాలని ఉందేమో. పోనీ ఆ ముక్క నోటితో చెప్పలేక, ఇది నువ్వే ఉంచుకో, నీ బ్యాగులో పట్టుకెళ్ళు అంటున్నాడేమో. ఆ ఊళ్ళో తూర్పు వంతెన దగ్గర అతను వేసిన రోడ్డుని తను మరీ వెక్కిరించిందేమో.

సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసింది. ఆ వేళకి సెఫో మెస్‌లో వరసలో ఉంటాడని ఆమెకు తెలుసు. అక్కడ తప్ప సిగ్నల్ రాదు.

"సెఫో, చిన్నది ఎందుకు?"

"హలో లేదు, బాగున్నావా లేదు. మోయడానికి చెల్లెమ్మా."

"మోసేదెవరు? బీరువాలో ఉండేదాన్ని?"

అటు నుంచి పళ్ళేల చప్పుడు. ఎవరో గ్రేవీ ఇంకొంచెం పొయ్యమంటున్నారు.

"ఎప్పుడైనా ఇంటికి తీసుకెళ్ళాలనిపిస్తే బాగుంటుంది కదా," అన్నాడు సెఫో.

"నేను ఇంటికి తెచ్చుకుంటే నీ వంతులో నువ్వేం ఆడతావు?"

"నా సంగతి వదిలెయ్యి."

"ఎందుకు వదలాలి? నీకు కనబడదని ఏడాది నుంచి నా చెవిలో జోరీగలా పోరింది నువ్వే కదా."

"మనిషన్నాక మాట మార్చకూడదా?"

ఎక్కడా అందడం లేదు. నోలీన్ మాట మార్చి చూసింది. "నలభై ఏడు ఎలా ఉంది? సీటు ఇంకా కీచుమంటోందా?"

ఆ సీటు గురించి అడిగితే సెఫో ఆపకుండా తిట్టగలడు. షెడ్డులో పది నిమిషాల్లో ఆరు నిమిషాలు సీటుకే పోయిన రోజులున్నాయి. ఈసారి మాత్రం "కీచుమంటూనే ఉంటుందిలే," అన్నాడు, ఎప్పుడో విన్న సంగతి చెప్పినట్టు. "వరస కదిలింది. బుధవారం కలుద్దాం." ఫోన్ పెట్టేశాడు.

నోలీన్ చేతిలో ఫోన్ పట్టుకుని వంటింట్లో నిలబడింది. ఇంతకుముందు ఒక్క ప్రశ్న ఉండేది. ఇప్పుడు నాలుగయ్యాయి. నీళ్ళు నమలడం సెఫో స్వభావం కాదు. కోపం వస్తే బస్‌స్టాపు మీద రాస్తాడు. సంతోషం వచ్చినా అంతే.

మంగళవారం పొద్దున్న నాలుగోసారి కొట్టుకు వెళ్ళింది. దారంతా చిన్నదే కొనాలని తనకి తాను చెప్పుకుంటూ వెళ్ళింది. అడిగింది అతను. అతని మాట వింటే పోలా? మనిషికి ఇష్టం లేని దాన్ని నెత్తిన రుద్దితే ఉన్న నాలుగు రోజుల స్నేహం కూడా పోతుంది.

డెస్మండ్ రెండింటి మూతలూ తెరిచే ఉంచాడు. రెండు తెరల మీదా ఒకే బొమ్మ, పైనుంచి చూసిన పట్నం, సన్నటి వీధులు. నోలీన్ చిన్నదాని మీద చెయ్యి వేసింది. "ఇది ఇచ్చెయ్యండి," అంది.

"ఇస్తాను. ఊరికే అడుగుతున్నాను, ఆ ఇంకొకాయన వయసెంత?"

"యాభై తొమ్మిది."

"కళ్ళద్దాలా?"

"ఆఁ. తాడు కట్టుకుని మెళ్ళో వేసుకుంటాడు." ఆ మాట అంటూ నోలీన్ పెద్ద తెర వైపు చూసింది. ఆ వీధుల్ని చూస్తూ ఉంటే ఏదో గుర్తొచ్చింది. ఆరేడు నెలలుగా సెఫో వేసిన రోడ్లు కలవడం లేదు. తూర్పు వంతెన దగ్గర రోడ్డు అంచుదాకా వచ్చి వెంట్రుకవాసిలో ఆగిపోయింది. దానితో బస్సులన్నీ వెనక్కి తిరిగి ఊరంతా చుట్టి వచ్చాయి. మార్కెట్టు దగ్గర అంతే, బడి దగ్గర అంతే. ఆమె ప్రతిసారీ ఆ సందులు పూడ్చి, 'సెఫో బద్ధకం వీధి' అని స్టాపుకి పేరు పెట్టి, విరగబడి నవ్వింది. బద్ధకం ఎక్కడిది, అతనికి ఆ సందులు కనబడి ఉండవు. ఆ సంగతి ఇప్పుడు తట్టగానే ఆమెకి మొహం వేడెక్కింది. సిగ్గేసింది.

చిన్నది ఎందుకు అడిగాడో ఇప్పటికీ తెలియదు. దాంతో చూడలేడని మాత్రం తెలిసిపోయింది.

"అది కాదు," అంది నోలీన్. "పెద్దది."

"ఖాయమేనా అండీ?"

"ఖాయం కాదు. అయినా ఇవ్వండి, మళ్ళీ మనసు మారకముందే."

బుధవారం పెర్త్‌లో పొద్దున్నే ముప్ఫై డిగ్రీలు. ఫిబ్రవరి కదా. నోలీన్ మూడు చొక్కాలు ఒకదాని మీద ఒకటి తొడిగి, పైన చలికోటు వేసి, ఇనప ముక్కుల బూట్లు కాళ్ళకే తగిలించి, జేబుల నిండా సాక్స్‌లూ బిస్కెట్లూ కుక్కుకుని కాటా ముందు నిలబడింది. బ్యాగు సరిగ్గా పది. కాటా దగ్గర కూర్చునే ఆయన ఇలాంటి వేషాలు ఎన్ని చూశాడో.

"చలేస్తోందా నోలీన్?"

"బాగా వేస్తోందండీ," అంది, చెమట తుడుచుకుంటూ.

విమానంలో రెండు గంటలూ ఏం చెప్పాలో కూడబలుక్కుంది. నీ మాట కాదని పెద్దది కొన్నాను, నీకు ఇష్టం ఉంటే ఆడు, లేకపోతే లేదని మొహం మీద చెప్పు. అంతే. అంతకన్నా ఎక్కువ మాట్లాడకూడదు.

విమానం దిగి, వేడిగాలిలో నడిచి రేకుల షెడ్డులోకి వచ్చింది. ఇంటికి పోయేవాళ్ళు గోడవార వరసగా నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ చిన్న చిన్న బ్యాగులే. చివర సెఫో. భారీ మనిషి, షెడ్డులో సగం నీడ అతనిదే ఉంటుంది. అతని కాళ్ళ దగ్గర నీలం ప్లాస్టిక్ డబ్బా, దాని నిండా సామాను. చంకలో దిండు. భార్య లుపే పూలు కుట్టిన గలీబు ఉన్న దిండు.

నోలీన్ కూడబలుక్కున్నదంతా ఎగిరిపోయింది.

"దిండు," అంది.

"ఆఁ," అన్నాడు సెఫో. "దిండే."

పక్కవాళ్ళు మర్యాదగా అటు తిరిగారు. గనిలో దిండు సంగతి అందరికీ తెలుసు.

"కంటి డాక్టరు కిందటి సెలవులోనే చెప్పాడు," అన్నాడు సెఫో. "ఆపరేషను చేసినా లారీ తోలే చూపు రాదట. పక్కలు కనబడటం లేదు చెల్లెమ్మా. ఎదురుగా ఉన్నదే కనబడుతోంది, అదీ పెద్దదయితే. సూపర్‌వైజరుకి నేనే చెప్పేశాను. ఎవడినైనా తొక్కేస్తే ఏం చెయ్యను? ఈ రెండు వారాలు నన్ను బండి ఎక్కనివ్వలేదు, పనిముట్ల గదిలో కూర్చోబెట్టారు."

అందుకేనా సీటు సంగతి తెలియనిది అనుకుంది నోలీన్. "నాకెందుకు చెప్పలేదు?"

"ఫోన్‌లో ఏడుపొస్తుందని."

"నేనెందుకు ఏడుస్తాను?"

"నువ్వు కాదు, నేను. మెస్‌లో అందరి ముందూ, చేతిలో గ్రేవీ పట్టుకుని."

నోలీన్ కోటు గుండీ తీసుకుంది. "చిన్నది తెమ్మన్నావ్."

"నీ వెంట ఇంటికి తీసుకెళ్తావని. ఇక్కడ పెడితే నా చోట్లోకి వచ్చేవాడు ఎవడో, ఎలాంటివాడో. మన ఊరు తవ్వి పారేస్తే? చిన్నదయితే మోసుకు తిరగచ్చు. మలోలో నీ దగ్గర ఉంటుంది. నేను లేకపోయినా."

"నేను పెద్దది తెచ్చాను."

"ఎందుకే తల్లీ, నేను అంత చెబితే?"

"నీ రోడ్లు కలవడం లేదు గనక."

సెఫో నవ్వబోయాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. మెళ్ళో తాడుకి వేలాడుతున్న కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. "బద్ధకం అన్నావు కదా స్టాపు మీద," అన్నాడు.

"తెలియక అన్నాను. తప్పయిపోయింది."

"బాగుంది ఆ స్టాపు. తీసెయ్యకు." కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "సరే చెల్లెమ్మా. నాలుగేళ్ళు బాగా గడిచింది. ఇంక మనం కలిసేది లేదు. నువ్వేమో ఈ వంతు, నేనేమో..."

ఆగిపోయాడు. నోలీన్ అతని మొహంలోకి చూసింది.

"నువ్వు ఏ వంతు?" అంది.

"నాకిప్పుడు వంతు లేదు."

"నేను ఇక్కడ ఉన్నప్పుడు నువ్వెక్కడ ఉంటావు?"

"ఇంట్లో."

"నేను ఇంటికి వచ్చినప్పుడు?"

సెఫో లెక్క వేసుకున్నాడు. అతని పెదవులు కదలడం ఆమెకు కనబడింది. "ఇంట్లోనే," అన్నాడు. "నేనూ ఇంట్లోనే ఉంటాను."

నాలుగేళ్ళుగా ఒకరు భూమికి అటు, ఒకరు ఇటు అన్నట్టు బతికినవాళ్ళు. అతను వెళ్ళిపోతే అంతా అయిపోయిందని ఇద్దరూ వేరువేరుగా రెండు వారాలు కుమిలిపోయారు. ఈ గనే ఇద్దరినీ కలుపుతోందనుకున్నారు. ఇన్నాళ్ళూ విడదీసింది అదేనని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. గనిలో ఎక్కువకాలం పనిచేస్తే బుర్ర బుధవారం నుంచి బుధవారానికే పనిచేస్తుంది, అంతకు మించి సాగదు.

"మీ ఇల్లెక్కడ?" అంది నోలీన్.

"గాస్నెల్స్. మీది?"

"మాండురా. కారులో గంట కూడా పట్టదు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, తెలివితక్కువ పని చేసి దొరికిపోయినవాళ్ళలా. లోపల ఎవరో పేర్లు పిలవడం మొదలుపెట్టారు. నోలీన్ కింద కూర్చుని బ్యాగు తెరిచి, లాప్‌టాప్ ఉన్న నల్ల సంచీ లాగింది. డబ్బా, దిండు మొయ్యాల్సిన సెఫోకి చేతులు ఖాళీ ఉండవు. సంచీ పట్టీ అతని తల మీదుగా మెళ్ళో వేసింది, దండ వేసినట్టు.

"పెన్‌డ్రైవ్ ముందు జేబులో ఉంది. ఈ రెండు వారాలు నీ వంతు."

"మరి నువ్వేం ఆడతావు?"

"నిద్రపోతాను. పెందరాళే పడుకోమని రాశావుగా."

"ఇంటికెళ్ళే విమానంలో బరువు ఎక్కువయితే?"

"దిండు పారెయ్యి."

"లుపే నన్ను పారేస్తుంది." సెఫో డబ్బా ఎత్తుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "బుధవారం దిగి అలిసిపోయి ఉంటావు. ఆదివారం రా. చర్చి నుంచి వచ్చేసరికి పదకొండవుతుంది. భోజనానికి రా. చేమదుంపలు, కొబ్బరిపాలు, పంది మాంసం. పంది తింటావా నువ్వు?"

"నాలుగేళ్ళయ్యాక అడుగుతున్నావు."

"పది నిమిషాల్లో ఎన్నని అడగను? తింటావా, తినవా?"

"తింటాను. మా అక్కని కూడా తీసుకొస్తాను, నోరు కాస్త పెద్దది."

"మా ఇంట్లో అందరిదీ పెద్దదే," అంటూ సెఫో విమానం మెట్లు ఎక్కాడు. ఒక్కో మెట్టునీ కాలితో తడుముకుంటూ ఎక్కాడు. నోలీన్ షెడ్డు బయటికొచ్చి, అతను లోపలికి వెళ్ళేదాకా ఎండలో నిలబడింది, మూడు చొక్కాలతో, చలికోటుతో.

గదిలో బీరువా తెరిస్తే సెఫో వాడుకునే సగం ఖాళీగా ఉంది, తుడిచి మరీ వెళ్ళాడు. అతని తాళం చెవి మేకుకి వేలాడుతోంది. బల్ల మీద సీసా, కప్పు, ఫ్యాను పెట్టాక ఇంకా బోలెడు చోటు మిగిలింది. ఆ చోటు చూస్తే ఆమెకి ఏడుపొచ్చింది. ఎవరూ చూడటం లేదు గనక ఏడ్చింది.

తలుపు లోపలివైపు క్యాలెండరు ఉంది. వంతు రోజులు కొట్టేసుకోవడానికి ఇద్దరూ వాడేది. ఆమెది నీలం గీత, అతనిది ఎర్రది. ఎర్ర గీతలు ఇవాళ్టితో ఆగిపోయాయి. నోలీన్ పెన్ను తీసుకుని, రెండు వారాల తర్వాత వచ్చే బుధవారాన్ని దాటి, గురువారం, శుక్రవారం, శనివారం దాటి వెళ్ళి, ఆదివారం చుట్టూ సున్నా చుట్టింది. లోపల చిన్న అక్షరాలతో 'భోజనం' అని రాయబోయి, ఆగి, గడి దాటిపోయినా సరేనని పెద్ద అక్షరాలతో రాసింది.